ఆరంగుళాల అసూయ

"రెడీమేడ్ ప్రొపెల్లర్ ఏదైనా ఉంటుందాండీ?"

గుమ్మంలో నిలబడి అడిగాడతను. చేతిలో హెల్మెట్, భుజాల మీద వాన చినుకులు, మొహం నిండా నవ్వు.

లోపల బల్లకి బిగించిన చెక్కని చిత్రిక పడుతున్న అమ్మాయి తలెత్తలేదు. పొద్దుట్నుంచీ ఆమెకి పన్ను సలుపుతోంది. పన్ను సలిపే రోజున ఆమెతో మాట్లాడటం కన్నా తిరిగే రంపంలో వేలు పెట్టడం నయమని వాళ్ళ బాబాయి అంటుంటాడు.

"ఇదేమైనా చెప్పుల కొట్టా? సైజు చెప్పి పట్టుకుపోవడానికి?"

"చెప్పులకైనా ముందు కాలు చూస్తారు కదండీ. మీరింకా మా విమానాన్నే చూడలేదు."

ఆమె చెయ్యి ఆగింది. మూల స్టూలు మీద టీ తాగుతున్న బాబాయికి పొలమారింది. ఆ వర్క్‌షాపులో ఆమె మాటకి ఎదురుమాట వినపడి చాలా కాలమైంది మరి.

బాబాయిది చెక్క అచ్చుల వర్క్‌షాపు. లోహం పోత పోసే ఫౌండ్రీలకి అచ్చులు చేస్తే బతుకు గడిచేది. ఇంట్లో సొంతంగా విమానాలు కట్టుకునే పిచ్చివాళ్ళకి ప్రొపెల్లర్లు చేస్తే సరదా తీరేది. ఆ సరదా పనంతా ఇప్పుడు ఆయన అన్నకూతురిదే. చిన్నప్పుడు బడి నుంచి రాగానే చిత్రిక పట్టుకుని కూర్చునేదని ఆయన ఆ పనిముట్టు పేరే ఆమెకి పెట్టేశాడు. చిత్రిక, చిత్రిక అని పిలవగా పిలవగా అసలు పేరు బ్యాంకు వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

"కూర్చోండి బాబూ. ఇంజను ఎలాంటిది?" అన్నాడు బాబాయి.

"నాలుగు సిలిండర్లదండీ. ఎనభై అయిదు హార్స్‌పవర్. పాతదే గానీ గుండె గట్టిది."

"మీరేం చేస్తుంటారు?" చిత్రిక అడిగింది.

"పళ్ళ డాక్టర్నండీ."

"పళ్ళ డాక్టరుకి విమానమెందుకు?"

"మా అమ్మ కూడా రోజూ అదే అడుగుతుంది."

"ఏం చెప్తారు?"

"పేషెంట్లు వెయిట్ చేస్తున్నారమ్మా, అంటాను."

చిత్రికకి నవ్వొచ్చింది. నవ్వగానే పన్ను జివ్వుమంది. చెంప పట్టుకుంది.

"ఎడమ పక్క, కింద, చివర్నుంచి రెండోది. అవునా?" అన్నాడతను.

"మీకెలా తెలుసు?"

"ఇందాకట్నుంచీ నన్ను కుడి పక్కతోనే తిడుతున్నారు."

బాబాయి ఈసారి టీ గ్లాసు పక్కన పెట్టేసి మరీ నవ్వాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆమె వెళ్ళి అతని విమానం చూడాలి. అతను ఆమె పన్ను చూడాలి.

*

విమానం డాక్టరు ఇంటి వెనక షెడ్డులో ఉంది. రెండు సీట్లు, చెక్క అస్థిపంజరం, దాని మీద బిగుతుగా లాగి రంగు పూసిన గుడ్డ. ముందు భాగంలో అటు రెండు, ఇటు రెండు సిలిండర్లు చేతులు చాచి ఉన్నాయి. ప్రొపెల్లర్ ఉండాల్సిన చోటు బోడిగా ఉంది.

"ముందు పళ్ళు ఊడిన ముసలమ్మలా ఉంది," అంది చిత్రిక.

"కట్టించడానికే కదండీ మీ దగ్గరికి వచ్చాను."

అంతలో వాన దంచడం మొదలుపెట్టింది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరగా జరగక తప్పలేదు. ఇద్దరూ ఆ తప్పనిసరిని ఏమాత్రం ఇబ్బంది లేకుండా భరించారు.

"మీకు గబుక్కున లేవాలా? జోరుగా పోవాలా?"

"రెండూ కావాలి."

"అలా కుదరదు. మరమేకుని ఒక్క చుట్టు తిప్పితే చెక్కలోకి కొంత దిగుతుంది కదా? ప్రొపెల్లర్ కూడా గాల్లోకి దిగే మరమేకే. ఒక్క చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి దిగాలో దాన్ని పిచ్ అంటాం. పిచ్ తక్కువైతే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది, విమానం చటుక్కున లేస్తుంది, పైకెళ్ళాక కాస్త నెమ్మది. పిచ్ ఎక్కువైతే పైన భలే జోరు. కింద మాత్రం స్కూటర్ని టాప్ గేర్‌లో పెట్టి బయల్దేరినట్టే."

"మా ఎయిర్‌స్ట్రిప్ పొట్టిదండీ. చివర కరెంటు తీగలున్నాయి."

"అయితే ఇంక ఆలోచనేం ఉంది? నలభై నాలుగు. అంతకన్నా ఒక్క అంగుళం పెంచమన్నా నేను పెంచను."

"మీరెంత చెక్కితే అంత."

డాక్టరుకి ఒక అలవాటు ఉంది. ఎవరు కనబడినా ముందు పళ్ళు చూస్తాడు, తర్వాతే కళ్ళు చూస్తాడు. ఆ సాయంత్రం ఆ వరస తప్పింది. వాన వెలిసిన సంగతి కూడా ఇద్దరూ ఆలస్యంగానే గమనించారు.

*

క్లినిక్కులో ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లిచ్చేది డాక్టరు వాళ్ళమ్మ. చిత్రికని చూడగానే కళ్ళజోడు సవరించుకుంది.

"ప్రొపెల్లర్ అమ్మాయివి నువ్వేనా? మావాడు అన్నం దగ్గర కూడా నీ గురించే... అదే, ప్రొపెల్లర్ గురించే చెప్తుంటాడు. పోమ్మా, లోపలికి పో."

చిత్రిక సిగ్గుతో వెళ్ళి కుర్చీలో వాలింది. ఇంజెక్షన్ పడింది. నోట్లో దూది, నాలుక పక్కన గొట్టం. డాక్టరు పని చేసుకుంటూ, రెక్కల రంగు గురించి, సీటు బెల్టు గురించి ఆపకుండా చెబుతున్నాడు. జవాబు చెప్పే వీల్లేకుండా అతని మాటలు వింటూ పడుకోవడం ఆమెకి హాయిగానే ఉంది.

ధడాలున తలుపు తెరుచుకుంది.

"డాక్!"

లోపలికి వచ్చిందొక పొడుగాటి అమ్మాయి. కురచ జుట్టు, మడతలు చెరగని తెల్ల చొక్కా, నుదుటి మీదకి తోసిన చలవ కళ్ళద్దాలు. ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం నడపడం నేర్పే టీచరు. డాక్టరు రెండేళ్ళుగా ఆమె దగ్గరే నేర్చుకుంటున్నాడు. అతని విమానాన్ని మొదటిసారి గాల్లోకి తీసుకెళ్ళబోయేదీ ఆవిడే. అందరూ ఆమెని కెప్టెన్ అంటారు.

కెప్టెన్ నవ్వింది. ముప్పై రెండు పళ్ళు, దారం పట్టి పేర్చినట్టు ఒకే వరస, ఒకే తెలుపు.

చిత్రిక గుండె గతుక్కుమంది. పళ్ళ డాక్టరుకి ఇంతకన్నా ఏం కావాలి!

"గుడ్‌న్యూస్ డాక్! నీకు మెటల్ ప్రొపెల్లర్ దొరికింది. మా హ్యాంగర్‌లో ఆరు సిలిండర్ల విమానానిది ఊరికే పడి ఉంది. పొడుగెక్కువని కొసలు కోయించేశాను. నీకు సరిగ్గా సరిపోతుంది. పైసా ఇవ్వక్కర్లేదు."

"ఆఁ! ఆఁ!" అంది చిత్రిక.

"నొప్పిగా ఉందా?" డాక్టరు కంగారుపడ్డాడు.

"ఆఁ ఆఁఉ! ఎఁఆఁ!"

"ఒక్క నిమిషం ఓర్చుకోండి, అయిపోతోంది."

"పాపం, చాలా నొప్పిలా ఉంది," కెప్టెన్ జాలిగా ఆమె భుజం తట్టింది. పుండు మీద కారం చల్లడం అంటే ఏమిటో చిత్రికకి అప్పుడు అర్థమైంది.

"కానీ కెప్టెన్, నేను చెక్కదానికి ఆర్డర్ ఇచ్చేశానే."

"చెక్కది అందంగా ఉంటుంది డాక్, కాదనను. హాల్లో గోడకి తగిలించుకో. మెటల్ పల్చగా ఉండి గాలిని కోసుకుపోతుంది. స్పీడ్ అంటే మెటల్‌దే." చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. గదిలో ఆమె సెంటు వాసన మాత్రం వెళ్ళలేదు.

దూది తీయగానే చిత్రిక లేచి కూర్చుంది. సగం పెదవి ఇంకా మొద్దుబారి ఉంది.

"అఫి ఫెట్టొద్దు."

"ఏది?"

"మెథల్‌ది!"

"కాసేపాగి మాట్లాడండి."

ఆగే ఓపిక ఆమెకి లేదు. పెదవిని చేత్తో పట్టుకుని మరీ చెప్పింది. "నాలుగు సిలిండర్లంటే ఒక్కో చుట్టుకి రెండు గట్టి గుద్దులు. చెక్క ఆ గుద్దుల్ని తనలోకి తీసుకుంటుంది. మెటల్ గంటలా మోగుతుంది. అందుకే ఏ ఇంజనుకి ఏ మెటల్ ప్రొపెల్లరో పరీక్షలు చేసి జత కలుపుతారు. ఇది వేరే ఇంజనుది. పైగా కొసలు కోశారు. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుంది? గాల్లో రెక్క ముక్క ఊడితే ఆ అదురుకి ఇంజనే ఊడొస్తుంది."

"కెప్టెన్‌కి పదేళ్ళ అనుభవం అండీ. తెలియకుండా తెస్తుందా?" డాక్టరు సందేహంగా చూశాడు. "మీకు ఆవిడంటే కోపమా?"

"నాకెందుకు కోపం? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"సరే, ముందు మీది బిగించి చూద్దాం. తర్వాత అదీ చూద్దాం. ఏది బాగుంటే అది."

ఏది బాగుంటే అది! అతను అన్నది ప్రొపెల్లర్ గురించే. ఆమెకి వినపడింది వేరే.

ఆ సాయంత్రం వర్క్‌షాపులో బాబాయి పక్కన కూలబడింది. "బాబాయ్, నేను మెటల్ వద్దన్నాను. నేను చెప్పింది నిజమా, కుళ్ళా?"

"నిజమే తల్లీ."

హమ్మయ్య అనుకుంది.

"కుళ్ళు కూడా నిజమే," అన్నాడు బాబాయి, చెక్కపొట్టు ఊడుస్తూ.

*

చెక్క పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి క్లాంపులు బిగించింది. జిగురు ఆరేలోగా ప్రొపెల్లర్ బిగించే చోటు కొలతలు ఇంకోసారి సరిచూద్దామని ఎయిర్‌స్ట్రిప్‌కి వెళ్ళింది. విమానాన్ని అప్పటికే అక్కడి షెడ్డుకి తరలించారు.

వెళ్ళకపోయినా బాగుండేది.

పాఠాలు చెప్పే విమానం అప్పుడే దిగి ఆగింది. అద్దం వెనక రెండు తలలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. డాక్టరు చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. దిగాక కెప్టెన్ జేబురుమాలు తీసి అతని చెంప మీది నూనె మరక తుడిచింది. అతను చిన్నపిల్లాడిలా మొహం చాచి నిలబడ్డాడు.

చిత్రిక కొలతలు తీసుకోకుండానే తిరిగొచ్చింది. దారంతా స్కూటర్ ఆమె తిట్లు తింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి "డాక్!" అని పలికి చూసింది. ఇంకోసారి పలికింది. బాతు అరిచినట్టుంది. ఆవిడ నోట్లో అంత ముద్దుగా ఎలా వస్తుందో!

మర్నాడు గోడకి వేలాడే రేకు అచ్చుల్లో నలభై నాలుగుది తీసింది. చెక్క మీద ఆనించి చూసింది. స్పీడ్ అంటే మెటల్‌దే అన్న మాట చెవిలో జోరీగలా తిరిగింది. నలభై నాలుగుది మళ్ళీ మేకుకి తగిలించి యాభైది తీసింది.

"నలభై నాలుగన్నావు కదే?" అన్నాడు బాబాయి.

"మార్చాం."

"డాక్టరు మార్చమన్నాడా?"

"ఊఁ."

చిత్రిక వారం రోజులు వంచిన తల ఎత్తకుండా చెక్కింది. ఉప్పుకాగితంతో రుద్ది, వార్నిష్ మీద వార్నిష్ పూసింది. అంత అందమైన ప్రొపెల్లర్ ఆమె చేతుల్లోంచి ఎప్పుడూ రాలేదు. కుళ్ళుకి కూడా పనితనం ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

*

విమానం తోకని మోకుతో స్తంభానికి కట్టారు. చక్రాల కింద దిమ్మలు పెట్టారు. ప్రొపెల్లర్ బిగించాక డాక్టరు రెండడుగులు వెనక్కి వేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది తిరగడం ఎందుకండీ? ఊరికే చూసుకుంటూ కూర్చోవచ్చు."

చిత్రిక మొహం వెలిగింది. ఓరగా కెప్టెన్ వైపు చూసింది. కెప్టెన్ నవ్వలేదు. కాక్‌పిట్‌లోకి ఎక్కి ఇంజను వేసింది. త్రాటిల్ పూర్తిగా తోసింది.

నిలబెట్టి తిప్పితే ఆ ఇంజను నిమిషానికి రెండువేల రెండొందల చుట్లు తిరగాలి. మీటరు ముల్లు పంతొమ్మిదొందలు దాటి, ఇంకాస్త పాకి, అక్కడే ఆగిపోయింది. ఇంజను చప్పుడులో ఏదో ఆయాసం. బరువెత్తలేని మనిషి పళ్ళు బిగించి మూలుగుతున్నట్టుంది.

కెప్టెన్ ఇంజను ఆపి దిగింది. "ఎంత పిచ్?" అని అడిగింది. గొంతులో వెటకారం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"యాభై," అంది చిత్రిక.

డాక్టరు తలెత్తాడు. "నలభై నాలుగు కదండీ మనం అనుకుంది?"

"స్పీడ్ ఉంటుందని..."

"స్పీడ్ నేనడగలేదు. ఆ తీగలు దాటితే చాలన్నాను. ఒక్క అంగుళం పెంచమన్నా పెంచనన్నది మీరే కదా?"

చిత్రిక దగ్గరున్న జవాబు ఇద్దరి ముందు చెప్పేది కాదు. కెప్టెన్ ఆమెని ఒక్క క్షణం పరీక్షగా చూసి, కళ్ళద్దాలు కిందకి దించుకుంది.

అప్పుడు మెటల్ ప్రొపెల్లర్ బిగించారు. ఇంజను ఒక్క గర్జన గర్జించింది. ముల్లు రెండువేల రెండొందలు దాటింది. విమానం మోకుని తెంపుకునేలా ముందుకి లాగింది. డాక్టరు చప్పట్లు కొట్టాడు.

"రేపు పొద్దున్నే ఎగిరేద్దాం," అంది కెప్టెన్.

"అది పెట్టొద్దండీ," అంది చిత్రిక. ఆమె గొంతు ఆమెకే నమ్మకంగా వినపడలేదు.

డాక్టరు మొదటిసారి నవ్వు లేకుండా చూశాడు. "ఆరోజు మీరు చెప్పింది నమ్మాలో, ఇవాళ మీరు చేసింది నమ్మాలో నాకు తెలియట్లేదు."

*

ఇంటికొచ్చాక చిత్రిక బల్ల దగ్గర కూర్చుంది. బయట వాన మొదలైంది. చేతిలోకి ఉలి తీసుకుంది, పెట్టేసింది.

రేపు ఆ విమానంలో ఉండేది డాక్టరు కాదు, కెప్టెన్. ఆ రెక్క విరిగితే, అప్పుడు డాక్టరుకి తెలిసొస్తుంది ఎవరి మాట నిజమో...

ఆ ఊహ రెప్పపాటు కూడా నిలవలేదు. కానీ వచ్చింది. అలాంటిది తన బుర్రలోకి వచ్చినందుకు ఆమెకి తన మీదే అసహ్యం వేసింది. గబగబా లేచి రెయిన్‌కోటు కూడా వేసుకోకుండా స్కూటర్ తీసింది.

"ఎక్కడికే ఈ వానలో?" అని అరిచాడు బాబాయి.

"తప్పు దిద్దుకోవడానికి!"

హ్యాంగర్‌లో కెప్టెన్ ఒక్కతే ఉంది. బూట్లు విప్పేసి పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటోంది. తడిసి ముద్దయి వచ్చిన పిల్లని చూసి లేచి నిలబడింది.

"ఏమైంది?"

"మీరు రేపు ఎగరొద్దు. నాకు మీ మీద కుళ్ళు."

"ఏంటీ?"

"మీరు డాక్ అంటే కుళ్ళు. మీ పళ్ళంటే కుళ్ళు. మీరు ఆయన చెంప తుడిచారని కుళ్ళు. ఆ కుళ్ళుతోనే యాభై చెక్కాను. స్పీడ్‌లో మిమ్మల్ని ఓడిద్దామని. అది నా తప్పు. కానీ మెటల్ గురించి చెప్పింది మాత్రం కుళ్ళు కాదు. అది వేరే ఇంజనుది, కొసలు కోసింది, ఈ ఇంజను మీద ఎలా మోగుతుందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు నా మాట ఎవరూ నమ్మరు. నేనే చెడగొట్టుకున్నాను. మీరు నన్ను ఎన్నయినా తిట్టండి, దాని మీద మాత్రం ఎగరకండి."

ఒక్క గుక్కలో చెప్పేసి ఏడ్చేసింది.

కెప్టెన్ తన తువ్వాలు తెచ్చి ఆమె తల మీద కప్పింది. కాఫీ చేతికిచ్చింది.

"నువ్వు చెప్పిందంతా నాకు తెలియదనుకున్నావా? తెలుసు. నా స్టూడెంట్ ఎవడైనా ఈ పని చేస్తే చెవి మెలేస్తాను. తెలిసి కూడా, ఏం కాదులే అనుకున్నాను. ఎందుకనుకున్నానో నువ్విలా చెబుతుంటే ఇప్పుడర్థమవుతోంది."

"ఎందుకు?"

"నీకు తెలుసా, అతను పైకెళ్ళిన దగ్గర్నుంచి దిగేదాకా నీ గురించే మాట్లాడతాడు. చిత్రిక ఇలా అంది, చిత్రిక అలా చెక్కింది. గాల్లో మధ్యలో దిగిపోవడానికి కూడా లేదు నాకు! చెక్క ప్రొపెల్లర్ లేకపోతే ఆ మాటలు ఆగుతాయనుకున్నాను. అందుకే ఆ ఇనప ముక్కని బయటికి తీశాను."

చిత్రిక కాఫీ తాగడం మర్చిపోయింది. "అంటే మీకు కూడా..."

"ఆఁ, నాకు కూడా." కెప్టెన్ నవ్వబోయి ఆగింది. "ఇద్దరం కలిసి మన గొడవ తీసుకెళ్ళి ఆ నాలుగు సిలిండర్ల మీద బిగించాం. అది పాపం మూలిగిందంటే మూలగదా?"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వులో కెప్టెన్ కళ్ళు తడిశాయి.

"రెండు రోజులు నేను కళ్ళద్దాలు తియ్యను. ఏమీ అడక్కు," అంది.

"అడగనక్కా," అంది చిత్రిక.

కెప్టెన్ ఫోన్ తీసింది. "డాక్, రేపు ఎగరడం లేదు. మెటల్‌ది విప్పేయ్. ఎందుకా? చిత్రిక చెప్పింది నిజం కాబట్టి. ఆరోజే నేను చెప్పాల్సింది. ... లేదు, పగులేం కనబడలేదు. కనబడలేదంటే లేదని కాదు డాక్. ... ఆ ఆరంగుళాలు ఎందుకు పెంచిందా? అది నువ్వు ఆమెనే అడుగు."

*

ఈసారి లెక్క చిత్రిక, కెప్టెన్ కలిసి వేశారు. స్ట్రిప్ పొడవు, విమానం బరువు, తీగల ఎత్తు కెప్టెన్ చెప్పింది. ఎటు చూసినా నలభై నాలుగే తేలింది. ఖాళీ ఉన్నప్పుడల్లా కెప్టెన్ వర్క్‌షాపుకొచ్చి పలకలు పట్టుకునేది. మూడో రోజు కళ్ళద్దాలు తీసింది.

డాక్టరు వచ్చేసరికి లోపల పకపకలు. అతను గుమ్మంలోకి రాగానే నిశ్శబ్దం.

"ఏం మాట్లాడుకుంటున్నారు?"

"ప్రొపెల్లర్ గురించి," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

అతను బయటికొచ్చి బాబాయి పక్కన నిలబడ్డాడు. "కెప్టెన్ రోజూ వస్తోందాండీ ఇక్కడికి?"

"రోజూనే బాబూ. మా అమ్మాయికి ఇప్పుడు నాతో కూడా పని లేదు."

"ఓహో," అన్నాడు డాక్టరు. ఆ ఓహోలో ఏముందో బాబాయికి బాగా తెలుసు. మొన్నమొన్నటిదాకా ఇంట్లో అదే విన్నాడు.

*

ఎగిరే రోజున ఆకాశం కడిగినట్టుంది. మోకు కట్టి తిప్పితే ముల్లు రావలసిన చోటికి సరిగ్గా వచ్చి నిలబడింది. డాక్టరు వాళ్ళమ్మ గొడుగు వేసుకుని, ఆ పక్కన బాబాయి చేతులు కట్టుకుని, కాస్త దూరంగా కంచె దగ్గర డాక్టరు, చిత్రిక.

విమానం కదిలింది. పరుగెత్తింది. సగం స్ట్రిప్ కూడా అవకముందే చక్రాలు నేలని వదిలాయి. తీగలు చాలా కిందుగా ఉండిపోయాయి.

చిత్రిక బిగబట్టిన ఊపిరి వదిలింది. పక్కన డాక్టరు కూడా వదిలాడు. చూసుకుంటే ఆమె చెయ్యి అతని చేతిలో ఉంది. ఎవరు ముందు పట్టుకున్నారో ఇద్దరికీ తెలియలేదు, అడగలేదు.

"మొదటిదానికి ఆరంగుళాలు ఎందుకు పెంచారు?"

"పైకి చూడండి. మీ విమానం ఎగురుతోంది."

"ఎగురుతుంది. మీరు చెక్కారుగా. చెప్పండి."

"కుళ్ళుతో."

"ఎవరి మీద?"

"ఆవిడ మీద. ఆవిడ పళ్ళ మీద. మీరు మొహం చాచి చెంప తుడిపించుకున్నారు చూడండి, దాని మీద."

డాక్టరు మొహంలో నవ్వు మెల్లగా పాకి చెవుల దాకా వెళ్ళింది. "ఆరంగుళాలా!"

"నవ్వకండి."

"నవ్వట్లేదు. ఇంకో రెండంగుళాలు పెంచి ఉంటే బాగుండేదని బాధపడుతున్నాను. అయినా ఈ పది రోజులూ నేనేం పడ్డానో మీకు తెలుసా? మీరిద్దరూ నన్ను చూసి మాట ఆపేస్తుంటే ఒళ్ళు మండి, ఒకాయనకి పుచ్చుపన్ను బదులు పక్కనున్న మంచి పన్ను పీకబోయాను."

"అయ్యో! పీకేశారా?"

"అమ్మ కేకేసింది, బతికిపోయాడు." గొంతు తగ్గించాడు. "నువ్వంటే నాకిష్టం."

"మీరు అనకుండా నువ్వంటారేంటి?"

"మీరంటే నాకిష్టం అంటే మీ బాబాయిగారిని కూడా కలిపి చెప్పినట్టుంటుంది."

చిత్రిక తల వంచుకుంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"చెప్పు. లేకపోతే ఇది కూడా నేనే పీకాలా?"

ఆమె ఫక్కున నవ్వింది. రెండు పక్కలా, నిండుగా. "ఇష్టమే. ఆ షెడ్డులో వాన పడ్డ రోజు నుంచీ ఇష్టమే. చాలా?"

చాలలేదతనికి. ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆమె కూడా అతని చేత చెప్పించుకుంది. ఆ పనిలో ఎంతసేపు ఉండిపోయారో ఏమో, వెనకనుంచి బూట్ల చప్పుడు వినబడి ఉలిక్కిపడ్డారు. ఎదురుగా కెప్టెన్, గాలికి రేగిన జుట్టుతో, వెలిగిపోతున్న మొహంతో.

"వెన్న మీద కత్తిలా ఉంది చిత్రికా నీ ప్రొపెల్లర్! నా ల్యాండింగ్ ఎలా ఉంది?"

డాక్టరు చిత్రిక వైపు చూశాడు. చిత్రిక విమానం వైపు చూసింది. అది దిగి, ఆగి, ఇంజను కూడా చల్లారుతోంది.

"అదీ... కెప్టెన్..."

"చూడలేదా? ఇద్దరిలో ఒక్కరైనా?"

"నేను చూశానమ్మా," అంది డాక్టరు వాళ్ళమ్మ, గొడుగు ముడుస్తూ దగ్గరికొచ్చి. "పైనా చూశాను, ఈ కంచె దగ్గరా చూశాను. రెండు చోట్లా కుదుపు లేకుండా బాగానే దిగారు."

తర్వాత ఆవిడ బాబాయి వైపు తిరిగింది. అప్పటిదాకా ఆయన్ని మేస్త్రీగారూ అని పిలిచిన మనిషి, ఈసారి పిలుపు మార్చింది.

"మీరేమంటారు అన్నయ్యగారూ?"

బాబాయి అన్నకూతురి వైపు చూశాడు. ఆమె చెయ్యి ఇంకా డాక్టరు చేతిలోనే ఉంది.

"అనడానికేముంది చెల్లెమ్మా," అన్నాడు. "కొలతలు వాళ్ళే చూసుకున్నట్టున్నారు."